సగం లేచిన యాంటెన్నా

4 అక్టోబర్ 1998, ఆదివారం

నీ చేతిలో ఉన్న వస్తువు చెడిపోతే నువ్వు ముందుగా ఎవరి ముఖం వైపు చూస్తావు?

వచ్చే శనివారం మా ఊరి మందిరంలో ప్రవచనం ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. జనం ఉలిక్కిపడాలి. కూర్చున్న ప్రతివాడూ తన ఇంట్లో పగిలిన కుండనూ ఆగిన గడియారాన్నీ తలుచుకోవాలి. ఈ ప్రశ్న నాకు ఇవాళ నార్సింగిలో తట్టింది. అవమానంలోంచి పుట్టింది కాబట్టి దీనికి పదును ఎక్కువ.

పొద్దున నా బండి నడిపే కుర్రాడు తిరుపతి కారు కడిగాడు. ఎనిమిదింటికి నల్లగండ్లలో బయలుదేరి తొమ్మిది కాకముందే చేరాం. భజన మందిరం ముందు నలభై మంది నిలబడి ఉన్నారు. ఎప్పటిలాగే టేప్ పెట్టమన్నాను. టేప్ పెడితే కారు వెనక రెక్క మీది యాంటెన్నా తనంతట తాను లేవాలి. ఏడాదిగా ఊరూరా జనానికి నా రాకకు అదే గుర్తు. ఆ వెండి కడ్డీ మెల్లగా, నిటారుగా లేస్తుంటే పిల్లలు నోళ్ళు తెరుస్తారు. ముసలివాళ్ళు దండం పెడతారు. దండం పెట్టవద్దని చెప్పాను. ఒకటి రెండుసార్లు చెప్పాను.

ఇవాళ అది బెత్తెడు లేచి ఆగిపోయింది. లోపల మోటారు గిర్రున తిరిగి, టకటకా కొట్టుకుని, ఊరుకుంది. వెనక నుంచి ఎవరో, "అయ్యగారి బండికి తోక లేస్తలేదు" అన్నారు. నలభై మందీ నవ్వారు. నేను గ్రంథంలోని పదహారో అధ్యాయం చెప్పడానికి వెళ్ళినవాణ్ణి, తోక గురించి విని వచ్చాను.

దసరా నాడు ఆ బండికి నేను చేసినటువంటి పూజ ఈ చుట్టుపక్కల ఏ బండికీ జరిగి ఉండదు. టేప్‌లో భజన పెట్టి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. స్టీరింగుకు పసుపు, అద్దాలకు బొట్లు. నిటారుగా లేచి నిలబడ్డ యాంటెన్నాకు కూడా బంతిపువ్వు చేర్చి పసుపు దారం కట్టాను. దేన్నీ విడిచిపెట్టలేదు. అంత పూజ అందుకున్న బండి తనంతట తాను చెడిపోతుందా? చెడిపోదు. ఎవరో చెడగొట్టారు. దసరా తర్వాత దాన్ని ముట్టింది ఒక్కడే.

దారిలో అడిగాను. "నేనేం చెయ్యలే పెద్దనాయిన. బట్టతోటి తుడిచిన, గంతే" అన్నాడు తిరుపతి. రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. నా వైపు చూడలేదు. రాసి పెట్టుకుంటున్నాను.

5 అక్టోబర్, సోమవారం

ఫ్యూజు చూశాను. పోలేదు.

6 అక్టోబర్, మంగళవారం

ఈ ఐలయ్యకు గురువు లేడు. ముప్పై ఏళ్ళు నీళ్ళ శాఖలో వాల్వులు తిప్పాను. పంపుహౌస్‌లో, మోటార్ల హోరులో, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని గ్రంథం నేర్చుకున్నాను. పండితులు ఇరవై ఏళ్ళు చదివి చెప్పేది నేను చక్రం తిప్పుతూ పట్టుకున్నాను. అలాంటివాడికి ఒక కడ్డీ, ఒక మోటారు, నాలుగు వైర్లు ఎంత?

కాబట్టి వరసగా వెళ్ళాను. డిక్కీలో పక్క అట్ట విప్పితే మోటారు కనబడింది. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు టెస్టర్ బల్బు పెట్టాను. వెలిగింది. టేప్ నుంచి వచ్చే వైరుకు పెట్టాను. టేప్ పెడితే వెలిగింది, ఆపితే ఆరింది. అంటే కరెంటు సత్యం. మోటారు చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. తిరుగుతోంది. అంటే మోటారు సత్యం. లోపల ఒక ప్లాస్టిక్ తాడు ఉంటుందట, దానికి రంపం లాంటి పళ్ళు ఉంటాయట. మోటారు ఆ తాడును పైకి నెడితే కడ్డీ లేస్తుంది, చుట్టుకుంటే దిగుతుంది. ఇంతవరకూ అంతా సత్యమే అయినప్పుడు అసత్యం ఎక్కడుంది? పైన, కడ్డీలో. అంటే చెయ్యి తగిలే చోట.

నా భార్య సత్తెమ్మ చాయ్ పట్టుకొచ్చి కాసేపు నిలబడి చూసింది. "దసరా నాడు గా దారం కట్టినవ్ గద. గదేడ వోయింది?" అని అడిగింది.

నేను మోటారు సంగతి ఆలోచిస్తుంటే తనకు దారం కావాలి. పువ్వు వాడి రాలినట్టే దారమూ రాలి ఉంటుంది, గాలి ఉంది కదా అన్నాను. "పువ్వు రాలుతది. ముడి రాలుతదా?" అంటూ ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

కడ్డీకి కిరోసిన్ రాశాను. బెత్తెడే లేస్తోంది.

7 అక్టోబర్, బుధవారం

మదీనాగూడ, హైవే పక్కన పార్థసారథి దుకాణం. బండి వైరింగు పని చేస్తాడు. గుడివాడ వైపు మనిషి. మర్యాద ఎక్కువ, చేతి మీద గ్రీజు ఎక్కువ. తిరుపతే నడిపాడు. 

పార్థసారథి టేప్ పెట్టించి, కళ్ళు మూసుకుని, కడ్డీ మీద రెండు వేళ్ళు ఆనించాడు. నాడి చూసినట్టు.

"మోటారు నిక్షేపంలా ఉందండి. కడ్డీ కూడా ఎక్కడా వంగలేదు. చూడండి, దారం పట్టినట్టు ఉంది."

"వంగకుండా చెడగొట్టేవాళ్ళు కూడా ఉంటారు" అన్నాను. తిరుపతి పక్కనే నిలబడి ఉన్నాడు. నేను వాణ్ణి అనలేదు. ఒక సత్యం అన్నాను.

పార్థసారథి ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి వాణ్ణి చూశాడు. "చెయ్యి చేసిన పని కాదండి ఇది. లోపల ఏదో ఇరుక్కుంది. దసరా వెళ్ళిన వారంలో ఇలాంటివి రెండు మూడు వస్తాయండి నా దగ్గరికి. కిందటేడు ఒకాయన హారను మోగట్లేదని వచ్చాడు. హారనులో గుప్పెడు కుంకుమ ఉంది. బండి వదిలి వెళ్ళండి, రేపు తీసి చూపిస్తాను."

"శనివారం నాకు బండి కావాలి."

"యాంటెన్నా లేకపోతే బండి నడవదాండీ?"

 ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పకూడదు.

"పోనీ మీరే తీసుకోవచ్చండి. మొదట్లో ఈ నట్టు విప్పి, ఒకరు టేప్ పెడితే ఒకరు కడ్డీ పట్టుకుని లాగాలి. తాడుతో సహా బయటికొస్తుంది. ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు కావాలండి."

తిరిగి వచ్చేటప్పుడు తిరుపతి, "ఇంటికి పోయినంక తీద్దామా పెద్దనాయిన? నేను గుంజుత, నువ్వు టేపు పెట్టు" అన్నాడు.

చెడగొట్టినవాడి చేతికే మళ్ళీ ఇవ్వాలా? వద్దన్నాను.

8 అక్టోబర్, గురువారం

సోమేశ్వరరావుగారు వచ్చారు. ప్రతి శనివారం ముందు వరసలో కూర్చుని రాసుకునే మనిషి. మాదాపూర్‌లో గుండ్రంగా కడుతున్న అద్దాల భవనంలోకి వచ్చే నెల ఆయన కంపెనీ మారుతోంది. ఆఫీసు బండ్లన్నీ ఆయన కిందే ఉంటాయి.

"ఆరుగురు డ్రైవర్లు కావాలి గురువుగారూ. రాత్రిళ్ళు ఆడపిల్లల్ని ఇళ్ళకు దించే పని. చేతివాటం, తాగుడు, అబద్ధం ఉండకూడదు. ఐదుగురు దొరికారు. ఆరోవాడిగా మీ బండి నడిపే తిరుపతి పేరు రాసుకున్నాను. లైసెన్సు ఉంది, చెయ్యి బాగుంది. కానీ మా వాళ్ళు తెలిసిన పెద్దమనిషి మాట కావాలంటున్నారు. మీ మాట చాలండి, వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. వచ్చే శుక్రవారం, పదహారో తారీకు, పన్నెండింటిలోపు చెప్పండి. ఆ పూటే పేర్లు పంపేస్తాను."

తిరుపతి వాళ్ళ పొలం రోడ్డులో పోయింది. వాడి తల్లి అంజమ్మకు మిగిలింది పెరట్లోని బంతి మడులూ ఈ కొడుకూ. ఇదంతా నాకు తెలుసు. తెలుసు కాబట్టే తొందరపడకూడదు. ఆడపిల్లల్ని అప్పగించే పని అది. కడ్డీ విషయంలో నిజం చెప్పనివాడు రేపు ఇంకో విషయంలో చెబుతాడా?

"ఆలోచించి చెబుతాను" అన్నాను.

వారు కొంచెం ఆశ్చర్యపోయారు. వెంటనే ఔనంటాననుకున్నారు కాబోలు.

9 అక్టోబర్, శుక్రవారం

తిరుపతిని పిలిపించాను. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"సోమేశ్వరరావుగారు వచ్చిండ్రంట గద" అన్నాడు.

"వచ్చారు. నా మాట అడిగారు. నేను చెప్పడానికి సిద్ధం. ముందు నువ్వు ఒక్క మాట చెప్పు. తుడిచేటప్పుడు గట్టిగా పట్టుకున్నాననో, చెయ్యి జారిందనో. ఒక్క మాట ఒప్పుకుంటే నేను క్షమించేస్తాను. అక్కడితో అయిపోతుంది."

వాడు నిలబడే అన్నాడు, "చెయ్యనిదాన్ని చేసిన అని ఎట్లనాలె పెద్దనాయిన? నువ్వే గద సత్తెం చెప్పాల్నన్నవ్. నౌకరీ కోసం అబద్ధమాడితే, గా నౌకరీల అబద్ధమాడొద్దని నాకు ఎవరు చెప్పాలె?"

మాటకారితనం. నా దగ్గరే నేర్చుకున్నది నా మీదికే తిప్పుతున్నాడు.

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా?"

"గట్ల నేనెందుకంట? నీకు కనవడ్డది నువ్వు చెప్తున్నవ్." జేబులోంచి తాళాలు తీసి గ్రంథం పక్కన పెట్టాడు. "రేపటి నుంచి ఇంకొగల్ల జూస్కో. కారు కింద ఆయిల్ కారుతుంది, జర చూయించు."

కోపం రాలేదు నాకు. జాలి కలిగింది. తప్పు ఒప్పుకునే ధైర్యం లేనివాణ్ణి చూస్తే జాలే కలగాలి.

10 అక్టోబర్, శనివారం

మహాద్భుతంగా జరిగింది. ఇంత నిశ్శబ్దంగా జనం ఎన్నడూ వినలేదు.

అనుకున్న ప్రశ్నతోనే మొదలుపెట్టాను. చేతిలో వస్తువు చెడిపోతే ఎవరి ముఖం వైపు చూస్తావని అడిగాను. గాలి ఆగినట్టయింది. అక్కడి నుంచి నమ్మకం మీదికి వెళ్ళాను. నమ్మి చేతికిస్తే, విరిచి, ఎరగనని నిలబడేవాడి ఆత్మ ఎలాంటిదని అడిగాను. లోకం నీ చేతిని చూడకపోవచ్చు, నీ చెయ్యి నిన్ను చూస్తోంది అన్నాను. ఈ వాక్యం అప్పటికప్పుడు వచ్చింది. ఇలాంటివి రాసుకుని చెబితే రావు.

పేరు చెప్పలేదు. వేలు పెట్టి చూపలేదు. నా వేలు గాల్లోనే ఉంది. జనం తలలు తిరిగి మూడో వరసలో గోడకు ఆనుకున్న తిరుపతి మీదికి వెళ్ళాయంటే దానికి నేనేం చేస్తాను? వాడు కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, అందరి మధ్య నుంచి, చెప్పులు చేతిలో పట్టుకుని బయటికి వెళ్ళాడు. వాడి తల్లి అంజమ్మ ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉంది. ఆమె లేవలేదు. చివరిదాకా విన్నది. నా ముఖంలోకి చూస్తూ విన్నది.

పదహారో అధ్యాయంలోని దైవగుణాలు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. ఇరవై ఆరు. భయం లేకపోవడం దగ్గర మొదలుపెట్టి దురభిమానం లేకపోవడం దాకా, ఊపిరి తిప్పుకోకుండా. చప్పట్లు.

ఇంటికి వచ్చాక సత్తెమ్మ, "ఇరవై అయిదే చెప్పినవ్" అన్నది.

"ఇరవై ఆరు."

"నేను చిక్కుడు గింజలు పక్కకు పెట్టుకుంట లెక్కవెట్టిన. ఇరవై అయిదు గింజలు."

చిక్కుడుకాయలు ఒలుస్తూ ప్రవచనం వినేవాళ్ళ లెక్కను నేను పట్టించుకోను.

సోమేశ్వరరావుగారు వెళ్ళేటప్పుడు దగ్గరికి వచ్చి, "మీరు అన్నది ఆ అబ్బాయినేనా అండి?" అని మెల్లగా అడిగారు. నేను చిరునవ్వు నవ్వాను. నవ్వడం చెప్పడం కాదు.

11 అక్టోబర్, ఆదివారం

నిద్ర బాగా పట్టింది. ధర్మం చెప్పినవాడికి నిద్ర పడుతుంది.

12 అక్టోబర్, సోమవారం

నిద్ర పట్టలేదు. దోమలు.

13 అక్టోబర్, మంగళవారం

అంజమ్మ పాల దుకాణం దగ్గర కలిసింది. ప్రతి శనివారం మందిరానికి బంతిపూలు ఆమె పెరట్లోవే. దసరా నాడు బండికి పెట్టినవి కూడా. నేనే పలకరించాను, పెద్దవాణ్ణి కదా. బాగున్నావా అని అడిగాను.

"బాగనే ఉన్న."

"తిరుపతి ఎట్లున్నాడు?"

"ఇంట్ల ఉన్నడు. బయటికి వస్తలేడు. నిన్న బోరింగుకు నీళ్ళకు పోతే ఎవడో అడిగిండంట, ఇయ్యాల ఏం ఇరగ్గొట్టినవ్‌రా అని." పాల గిన్నె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నిన్నేం అంటలేనయ్య. చదివినోనివి. ఒక్కటే అడుగుత. నువ్వు కండ్లతోటి చూసినవా?"

"చూడనక్కర్లేదు అంజమ్మా. కొన్ని ఆలోచిస్తే తెలుస్తాయి."

"గట్లనా. మాకు చూస్తెనే తెలుస్తది. సరే మరి, వస్త. ఇగ మా పూలకు ఎదురుచూడకు."

గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువసేపు వినబడింది.

సాయంత్రం నేనొక్కణ్ణే యాంటెన్నా నట్టు విప్పడానికి చూశాను. విప్పాను కూడా. కడ్డీ పట్టుకుని లాగుతూ టేప్ పెట్టడానికి నా చెయ్యి ముందు సీటుదాకా అందదు. ఇద్దరు కావాలి.

14 అక్టోబర్, బుధవారం

మళ్ళీ లెక్కపెట్టాను. గ్రంథం విప్పకుండా, నోటితో. ఇరవై ఐదు.

అలసట.

15 అక్టోబర్, గురువారం

సోమేశ్వరరావుగారు ఎస్టీడీ బూత్‌కు ఫోను చేసి పిలిపించారు.

"రేపే గురువుగారూ. మీరు ఔనంటే తిరుపతి. లేకపోతే నాచారం నుంచి ఇంకొకతను ఉన్నాడు, వాడి పేరు టైపు చేయించేస్తాను. నిజం చెప్పాలంటే మొన్న మీ ప్రవచనం విన్నాక నాకూ మనసు విరిగిందండి."

"మీకు ఎలా తోస్తే అలా చేయండి" అన్నాను.

ఔననలేదు. కాదనలేదు. నేను ఎవరి అన్నమూ తీయలేదు. వాళ్ళ కంపెనీ, వాళ్ళ నిర్ణయం. నేను నిప్పులాంటివాణ్ణి, నిప్పు ఎవరినీ కాల్చడానికి వెళ్ళదు. చెయ్యి పెట్టినవాడు కాలతాడు.

ఈ వాక్యం బాగుంది. దేనికో వాడాలి.

బూత్ నుంచి వచ్చే దారిలో కారు కింద చూశాను. ఆయిల్ కారుతోంది. వాడు చెప్పినట్టే.

16 అక్టోబర్, శుక్రవారం

పొద్దున ఏడున్నర. నేనే సత్తెమ్మను అడిగాను. జర వచ్చి కారులో కూర్చో, టేప్ పెట్టమన్నప్పుడు పెట్టు అన్నాను. ఏడాదిగా ఇంటి ముందున్న కారులో ముందు సీటు మీద ఆమె కూర్చోవడం ఇదే మొదలు. కొంగు సర్దుకుని, స్టీరింగు రెండు చేతులతో పట్టుకుంది.

"గది వదిలిపెట్టు. నల్ల గుండీ నొక్కు."

"నొక్కితే పోతదా బండి?"

"పోదు. కడ్డీ వస్తుంది."

"ఏమో. నీ బండి, దానికి ఎప్పుడు ఏం బుద్ధి పుడ్తదో." నొక్కింది.

మోటారు తిరిగింది. నేను రెండు చేతులతో లాగాను. ముందు రాలేదు. తర్వాత లోపల ఏదో తెగినట్టయి, కడ్డీ మొత్తం ఒక్కసారిగా నా చేతుల్లోకి వచ్చింది. దాని వెనకే బారెడు ప్లాస్టిక్ తాడు. తాడు చివర నాలుగు పళ్ళు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. కడ్డీ రెండో కణుపు దగ్గర నల్లటి గ్రీజులో మునిగి ఒక ఉండ ఉంది. గుడ్డతో తుడిచాను. నల్లదనం పోయి పసుపు బయటపడింది. దారం. దారంలో ఇరుక్కుని ఎండిన బంతిపువ్వు తొడిమ.

మూడు చుట్లు. అడ్డంగా రెండు ముళ్ళు.

ఆ ముడి నాది. పంపుహౌస్‌లో వాల్వు చక్రం ఇంకెవరూ తిప్పకుండా కట్టడానికి నేను కనిపెట్టిన ముడి. నా తర్వాత డ్యూటీకి వచ్చేవాళ్ళు దాన్ని విప్పలేక తిట్టుకునేవాళ్ళు. ఈ భూమి మీద ఆ ముడి ఇంకెవరికీ రాదు.

లేచి నిలబడ్డ కడ్డీకి దారం కట్టాను. భజన అయ్యాక టేప్ ఆపాను. కడ్డీ దారాన్ని లోపలికి ఈడ్చుకుపోయింది. అంతే జరిగింది. తిరుపతి బట్టతో తుడిచిన ఆదివారం నాటికి నా పూజ మూడు రోజులుగా కడ్డీ గొంతులో ఇరుక్కుని ఉంది.

సత్తెమ్మ దిగి వచ్చి చూసింది. ముడి మీద వేలు పెట్టింది. తర్వాత అన్నది, "నీ గ్రంథం మూట గూడ గిట్లనే కడ్తవ్. నాకు ఎన్నడు ఇప్పరాదు."

లోపలికి వచ్చి మూట విప్పాను. అవే మూడు చుట్లు, అవే రెండు ముళ్ళు. పదహారో అధ్యాయం తీశాను. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాను. పద్నాలుగోది శాంతి. నేను శాంతి నుంచి నేరుగా దయకు దూకుతున్నాను ఇన్నాళ్ళూ. వాటి నడుమ పదిహేనోది ఉంది. ఇతరుల మీద చాటున నేరం మోపకపోవడం. ఆ గుణం నా నోటికి రాలేదు. మూడో వరసలో గోడకు ఆనుకున్నవాడు నా కళ్ళ ముందు ఉండగా రాలేదు.

ఎనిమిదీ నలభై. కూర్చుని రేపటి ప్రవచనానికి ఇలా రాసుకున్నాను: "అయ్యలారా, అమ్మలారా, మీ ముందు ఒక దారం చూపిస్తాను. ఈ దారం ఎవరిదో అడగండి." రేపు దాన్ని చేతిలో పట్టుకుని లేస్తే జనం ఏడుస్తారు. అంజమ్మ ఏడుస్తుంది. ఐలయ్య అంతటివాడు తన తప్పు తానే చెప్పుకున్నాడని నార్సింగి దాకా పాకుతుంది. ఏ ప్రవచనంలోనూ లేని బలం దీనికి వస్తుంది. తిరుపతిని ముందుకు పిలిచి భుజం మీద చెయ్యి వేసి

తొమ్మిది. పై వాక్యం పూర్తి చేయను.

రేపు శనివారం. సోమేశ్వరరావుగారు పేర్లు పంపేది ఇవాళ పన్నెండింటికి. రేపు నా చేతిలో దారం ఉంటుంది, చప్పట్లు ఉంటాయి, కన్నీళ్ళు ఉంటాయి. వాడి పేరు మాత్రం ఉండదు. నాచారం మనిషి పేరు ఉంటుంది. మళ్ళీ కడ్డీ లేపుకుని జనం ముందు నిలబడాలని నా కోరిక, అంతే. ఈసారి కడ్డీ పేరు పశ్చాత్తాపం.

చాలు.

తప్పు ఎక్కడుందో దొరికింది. కరెంటు నుంచి మొదలుపెట్టి ఫ్యూజు, వైరు, మోటారు, తాడు, కడ్డీ వరసగా వెతికి చివరికి నా వేళ్ళ దగ్గరికి వచ్చాను. దొరికాక ఇంకా దాని దగ్గర కూర్చుని ఏడవడం కూడా సోమరితనమే. వాల్వు ఎక్కడ బిగుసుకుందో తెలిశాక తిప్పాలి. ఊళ్ళో నీళ్ళు రావడం లేదని వాల్వు పక్కన కూర్చుని శోకం పెట్టేవాడికి జీతం ఇవ్వరు.

సత్తెమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "పోతున్నవా, రాస్తున్నవా?" అని అడిగింది.

"పోతున్నా."

"పెన్ను ఇంక చేతులనే ఉంది."

విను ఐలయ్యా. ఇరవై ఆరు గుణాలు నోటికి వచ్చినవాడా, విను. మాదాపూర్ ఆఫీసుకు ఫోను చేయడం తేలిక. బూత్ రెండడుగుల దూరంలో ఉంది. ఫోను తప్పకుండా చేస్తావు, కానీ ముందు చేయవు. ముందు వీధి చివర అంజమ్మ ఇంటికి వెళ్తావు. గుమ్మంలోకి కాదు, బయటే, బోరింగు దగ్గర, నీళ్ళు పట్టుకునేవాళ్ళంతా ఉండగా నిలబడి పిలుస్తావు. పేరు పెట్టి పిలుస్తావు. నువ్వు వాడి పేరు చెప్పకుండా వాణ్ణి నిందించావు, నీ పేరు చెప్పి ఒప్పుకో. దారం చూపించు. ప్రశ్నలు వేయకు. కథ చెప్పకు. ఈ మూడు మాటలే చెప్పు: నేను కట్టాను, నీ మీద వేశాను, అబద్ధం నాది. ఇంతకు మించి ఒక్క మాట మాట్లాడావో అది ప్రవచనం అయిపోతుంది.

తాళాలు తీసుకుపో. నీకు బండి నడపడం రాదు. వాడు వస్తే వాడి పక్కన కూర్చుని మాదాపూర్ వెళ్ళి సోమేశ్వరరావుగారి బల్ల మీద ఆ దారం పెట్టు. వాడు రాకపోతే, తలుపు వేసుకుంటే, వేసుకునే హక్కు వాడికి ఉంది. అప్పుడు బూత్‌కు పో. లైను దొరకకపోతే బస్సు ఎక్కు. బస్సు రాకపోతే నడువు. ముప్పై ఏళ్ళు పైపుల వెంట నడిచిన కాళ్ళు అవి.

కడ్డీ లేని బండి నడుస్తుందా అని అడిగాడు పార్థసారథి. నడుస్తుంది. ఇవాళ దాంతోనే నడవాలి.

తొమ్మిదీ పది అయింది. ఇంకా రెండు గంటల యాభై నిమిషాలు ఉన్నాయి. రేపు అన్నది నీది కాదు, వాడిది అంతకన్నా కాదు. పెన్ను కింద పెట్టు. చెప్పులు తొడుక్కో. లే, ఐలయ్యా, ఇప్పుడే లే.